తడిపి ఆరేసిన చీర

అయినా ఆరిన చీరని మళ్ళీ తడపడమేమిటి, ఒంటికి తగలని బట్టకి మురికెక్కడిది, అనుకుంటూనే సూర్యకుమారి ఆకుపచ్చ చీరని బకెట్లో ముంచింది. చీర కింద చిక్కుకున్న గాలి బుడగలై ఒక్కొక్కటే పైకొచ్చి పగులుతుంటే కాసేపు వాటినే చూస్తూ కూర్చుంది. ఎప్పుడూ అంతే. పనిచేసే చెయ్యి ఒకచోట, చూసే కన్ను ఇంకోచోట, మనసు ఆ రెండింటికీ అందనంత దూరంలో. "మా కోడలికి పరధ్యానం ఎక్కువండీ" అని అత్తగారు పెళ్ళయిన కొత్తలో ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పేది. అది విన్నాక ఆవిడ ముందు పరధ్యానం లేనట్టు కనిపించడమే ఒక పనైపోయి, ఉన్న ధ్యాసంతా ఆ పనికే చాలేది కాదు. ఇప్పుడు అత్తగారు కాకినాడలో ఉంది. ఆవిడ చూపు మాత్రం ఈ దీవి దాకా వచ్చేసింది, సామానులో ఎవరు సర్దారో తెలియదు.

పొద్దున డ్యూటీకి వెళ్తూ, బూటు లేసు ముడేసుకుంటూ వీర్రాజు చెప్పాడు. "ఆ ఆకుపచ్చది కూడా తీసి ఆరెయ్యవే. ఎప్పుడూ నైటీలేనా? చీర ఎగరాలి. రేపు బలదియా వాళ్ళొస్తారు."

"అది ఉతికే ఉందండీ. ఇక్కడ ఒక్కసారీ కట్టలేదు."

"కట్టావో లేదో ఎవడడుగుతాడు? తడిపి ఆరెయ్. ఇవాళా, రేపూ."

బలదియా అంటే ఇక్కడి మునిసిపాలిటీ. ఇంకేమైనా అడిగేలోపే అతను మెట్లు దిగిపోయాడు. పెళ్ళయిన ఈ ఆరేళ్ళలో వాళ్ళిద్దరి మాటలు ఎక్కువగా మెట్ల దగ్గరే అయిపోయాయి. మెట్లు లేని చోట ఫోనులో అయిపోయాయి.

మేడ మీద గాలి మనిషిని నిలబడనివ్వడం లేదు. జూన్ వచ్చిందంటే మసీరా దీవి మీద ఇదే గాలి, నైరుతి మూల నుంచి పగలూ రాత్రీ ఆగకుండా తోస్తూనే ఉంటుంది. చెట్టన్నది లేదు గనక అది అటో ఇటో తిరిగి అలిసిపోయే వీలు లేదు. ఎదురుగా హిల్ఫ్ ఊళ్ళోని చదును కప్పుల ఇళ్ళు, వాటి వెనక జెట్టీ, జెట్టీ దాటితే సముద్రం. ఆ సముద్రం మీద గంటన్నర ఫెర్రీలో వెళ్తే ఒమాన్ నేల. అదీ పోటు మీదున్నప్పుడే. నీళ్ళు వెనక్కి తగ్గితే ఫెర్రీ కూడా ఆగిపోతుంది. మొదటిసారి ఆ ఫెర్రీ దిగుతూ "వెనక్కి వెళ్ళాలంటే ఎలాగండీ" అని ఆమె అడిగితే, "ఇంకా రాందే వెళ్ళడమేంటే" అని వీర్రాజు నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి నచ్చింది కూడా. నచ్చిన సంగతి ఇప్పుడెందుకు గుర్తొస్తుందో.

ఒక్కో చీరకీ ఎనిమిది క్లిప్పులు. తక్కువైతే గాలి లాక్కుపోతుంది. రెండు క్లిప్పులు పళ్ళ మధ్య పట్టుకుని అంచు లాగి బిగిస్తుంటే పక్క మేడ మీద నుంచి తిరుపతమ్మ కేకేసింది. ఇంటి ఓనరు ఇంట్లో పనికున్న మనిషి, కడప జిల్లా, ఈ దీవికొచ్చి ఏడేళ్ళు. రెండు మేడల మధ్యా నడుమెత్తు గోడ తప్ప ఏమీ లేదు.

"ఏమ్మా సూర్యమ్మా, ఈ పొద్దు పచ్చచీర బయటికి తీసినావే! సానా దినాలాయె దాన్ని సూసి."

పళ్ళ మధ్య క్లిప్పులతోనే సూర్యకుమారి తల తిప్పింది. తర్వాత క్లిప్పులు తీసి చేతిలో పట్టుకుంది. "నువ్వెప్పుడు చూశావు? నేనిక్కడ దీన్ని కట్టనే లేదు."

"నువ్వు కట్టకుంటే ఏం, నేను ఉతకల్యా? నువ్వు రాకముందు సమ్మచ్చరం పొడుగునా దీన్ని ఆరేసింది నేనే గదమ్మా. మీ ఆయప్ప అడిగినాడు. అక్కా, రెండు దినాలకోపారి నీళ్ళల్లో ముంచి మా మిద్దె మీద ఏసిపో అని. ఎండిన చీర ఊరికే యాలాడతా ఉంటే అరబ్బోళ్ళకి అనుమానం రాదా మల్ల? అందుకే తడిపి ఏసేది." తిరుపతమ్మకి నవ్వొచ్చింది. "మేము నవ్వుకునేవాళ్ళం. ఆడమనిసి ల్యాకుండానే ఆడమనిసి కాపరం చేస్తాండాది సూడు అని."

సూర్యకుమారి కూడా నవ్వింది. ఎదుటివాళ్ళు నవ్వితే నవ్వడం చిన్నప్పట్నుంచీ అలవాటు.

"కవరు ఇప్పకుండా అట్లే ఇచ్చినాడు నాకు" అని తిరుపతమ్మ గాలికి అడ్డంగా గొంతు పెంచింది. "నేనే సించినా. దాంట్లో నీ తలెంటిక ఒకటి సుట్టుకోని ఉండె. ఇంత పొడుగు. అప్పుడే అనుకుంటి, ఈయమ్మకి జుట్టు బాగుంటాదని."

కింద ఎవరో అరబ్బీలో పిలిస్తే ఆమె వెళ్ళిపోయింది. సూర్యకుమారి మిగిలిన క్లిప్పులు కూడా పెట్టి, ఎనిమిదీ ఉన్నాయో లేదో చూసుకుని, ఖాళీ బకెట్ పట్టుకుని అక్కడే గోడ నీడలో కూర్చుంది.

చీర పంపమని అతను చేసిన ఫోను కాల్ ఆమెకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఆ ఏడాది అతను ఒమాన్‌లోనే రైసూత్ పోర్టు నుంచి ఈ దీవిలో చేపల కంపెనీకి మారాడు. ఆమె కాకినాడలో డయాగ్నస్టిక్ ల్యాబులో టెక్నీషియన్. పెళ్ళయ్యాక అప్పటివరకూ ఇద్దరూ ఒకచోట ఉన్న రోజులన్నీ కలిపితే ఐదు నెలలు కూడా లేవు. అతను ఎప్పుడూ ఫోనులో ముందు అమ్మతో మాట్లాడి, చివరి రెండు నిమిషాలు ఆమెకిచ్చేవాడు. ఆ రోజు మాత్రం ముందే ఆమెని పిలవమన్నాడు. "నువ్వు కట్టుకున్న చీరొకటి పంపవే. కొత్తది వద్దు. కట్టికట్టి మెత్తబడింది పంపు. నాతో పనిచేసే దేవయ్య సెలవు మీదొచ్చాడు, అతని చేతికివ్వు." ఎందుకండీ అంటే, "పనుందిలే" అని నవ్వాడు. ఆ నవ్వులో ఆమెకి సిగ్గు వినిపించింది. నోరు తెరిచి ఒక్క మంచి మాట అనడం రాని మనిషి, తన వాసన కావాలని ఇలా అడుగుతున్నాడనుకుంది. ఆకుపచ్చ చీర తీసి, దాన్ని కట్టుకునే రెండు రాత్రులు పడుకుని, ఉతక్కుండా మడిచి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి టేపు వేసింది. "పాత చీరెందుకే వాడికి?" అని అత్తగారు అడిగితే మొహం ఎర్రబడి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రోజుల్లో ల్యాబులో మైక్రోస్కోపు మీద వంగి కణాలు లెక్కపెడుతూ తనలో తను నవ్వుకునేది. అతను మూడు వారాలు ఫోను చెయ్యకపోయినా బెంగపడేది కాదు. చీర ఉంది కదా అనుకునేది. అతను ఏదైనా పరుషంగా అంటే, పైకలా అంటాడు గాని, అనుకునేది. ఆకలితో ఉన్న మనసుకి ఏదో ఒక మెతుకు చాలు, దాన్నే ఏళ్ళ తరబడి నెమరేసుకోగలదు. ఆమె తన కాపరం మొత్తాన్నీ ఆ ఒక్క కవరు మీద నిలబెట్టుకుంది. ఆ కవరుని అతను విప్పను కూడా లేదు.

కోపం వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. ల్యాబులో ఒకసారి రెండు స్లైడ్ల మీద పేర్లు తారుమారయ్యాయి. ఒక మనిషి రక్తాన్ని గంటసేపు ఇంకో మనిషిదనుకుని చదివి, రిపోర్టు రాసి, సంతకం కూడా పెట్టాక తప్పు బయటపడింది. అప్పుడు ఒళ్ళంతా చల్లబడి, ఏమీ అనిపించలేదు. ఇప్పుడూ అంతే.

ఈ దీవిలో అద్దె ఇళ్ళు రెండు రకాలు. ఫ్యామిలీ ఇళ్ళు, బ్యాచిలర్ ఇళ్ళు. పెళ్ళాం ఇండియాలో ఉన్న మగాడు కూడా ఇక్కడ బ్యాచిలరే. అలాంటివాళ్ళకి ఊళ్ళో ఇల్లివ్వరు. ఐస్ ప్లాంటు వెనక రేకుల క్యాంపులో పన్నెండేసి మందిగా ఉండాలి. ఫ్యామిలీ ఇల్లు కావాలంటే కాంట్రాక్టు మీద బలదియా ముద్ర ఉండాలి, కంపెనీ రికార్డులో 'ఫ్యామిలీ స్టేటస్' ఉండాలి, ఏడాది తిరిగేసరికి అతని స్పాన్సర్‌షిప్ మీద పెళ్ళాం రెసిడెంట్ కార్డు కాపీ ఇవ్వాలి. ఆ ఏడాదీ ఆమె చీర ఆ ఇంట్లో కాపరం చేసింది. గడువు దగ్గరపడ్డాక ఆమెని రమ్మన్నాడు. "వచ్చెయ్యవే, ఇంక ఉండలేను" అన్నాడు ఫోనులో. ఉద్యోగం మానేసి వచ్చేసింది. ఎక్కడ ఉండలేనన్నాడో అప్పుడు అడగాలని తోచలేదు.

ఆమె కార్డు మీద ఒక వాక్యం ఉంది: పని చేయుటకు అనుమతి లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి నలుగురికి టిఫిన్లూ వంటలూ చేస్తుంది. నలుగురంటే వీర్రాజు, ఆమె కాక, వెనక గదిలో ఉండే దేవయ్య, జిలాని. ఫ్యామిలీ ఇంట్లో వాళ్ళుండకూడదు, బయటపడితే ఇల్లు ఖాళీ చేయిస్తారు. కానీ అద్దెలో వాళ్ళూ ఒక చెయ్యి వేస్తారు, పైగా "మనవాళ్ళేనే, క్యాంపు తిండి తినలేకపోతున్నారు" అన్నాడు వీర్రాజు. చేపల నీచు పట్టిన ముగ్గురు మగాళ్ళ కవరాల్స్, ప్లాంటులో ఒళ్ళంతా కప్పే డ్యూటీ బట్టలు, ఆమే ఉతుకుతుంది. వాటిని మేడ మీద ఆరేయకూడదు, ఇంట్లో ఎంతమంది మగాళ్ళున్నారో తెలిసిపోతుంది. అవి బాత్రూమ్ పక్క చీకటి సందులో మూడు రోజులు ఆరుతాయి. ఎండా గాలీ ఆమె బట్టలకి మాత్రమే. కొత్తలో అది కూడా తన మీద ఒక గౌరవమనుకుంది.

కిందకి దిగి పులుసుకి చింతపండు నానేస్తూ ఫ్రిజ్ మీదకి చూసింది. కాగితం అక్కడే ఉంది. ఒకవైపు ఇంగ్లీషు, ఒకవైపు అరబ్బీ. నా భార్య ఉద్యోగం చేయడానికి నాకు అభ్యంతరం లేదు, అని. అడుగున చుక్కల గీత. ఆ గీత పక్కన టీ గ్లాసు అడుగు ముద్ర, గుండ్రంగా. అది వీర్రాజు పెట్టింది, చూసుకోకుండా. కాగితం వచ్చి మూడు వారాలు.

మార్చిలో జ్వరమొచ్చి క్లినిక్‌కి వెళ్ళినప్పుడు డాక్టర్ ఇక్బాలున్నీసా ఆమెతో తెలుగులో మాట్లాడింది. కర్నూలావిడ, యాభై దాటిన మనిషి. ఆ రోజు గాలికి ఫెర్రీ ఆగిపోయి, చలితో వణుకుతున్న ఒక జాలరి రక్తం అవతలి ఒడ్డుకి పంపే దారి లేక ఆవిడ తల పట్టుకు కూర్చుంది. మూల అట్టపెట్టెలో మైక్రోస్కోపు ఉంది, చూసేవాళ్ళు లేరు. "నేను చూడనా డాక్టరమ్మా?" అని సూర్యకుమారి అనేసింది. అన్నాక తనే భయపడింది. స్లైడు మీద రక్తపు చుక్కని ఒక్క లాగులో పలచగా పరిచింది. రంగు వేసి, కడిగి, ఆరబెట్టి, కన్ను ఆనించి, ఎర్ర కణాల గుంపులో వెతికి వెతికి ఒక కణంలో మలేరియా క్రిమి సన్నటి నీలి ఉంగరాన్ని పట్టుకుంది. ఒంటి మీదున్న జ్వరం ఏమైపోయిందో. ఏడాదిన్నరగా ఆమె కళ్ళు చూసిన వస్తువుల్లో తన పేరు పెట్టి పిలిచినట్టనిపించింది అదొక్కటే.

"నాకు ల్యాబ్ మనిషి కావాలమ్మా" అంది డాక్టరమ్మ. బయటి దేశం మనిషిని ఉద్యోగంలో పెట్టుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే లేబర్ క్లియరెన్స్ తెప్పించింది: ల్యాబ్ టెక్నీషియన్, ఆడ మనిషి, ఇండియన్, ఒకటి. కార్డు క్లినిక్ పేరు మీదకి మారుతుంది. క్లినిక్ వెనక గది, తాళం ఉన్నది, ఇస్తారు. "మీ ఆయన సంతకం ఒక్కటి పెట్టించుకో. అదొక్కటీ నేను తేలేను. నాకూ ఒకప్పుడు పెట్టించుకోవాల్సొచ్చింది, డాక్టరై ఉండి." ఆ క్లియరెన్స్ గడువు బుధవారంతో అయిపోతుంది. ఇవాళ సోమవారం. దాటితే మళ్ళీ ఇస్తారన్న నమ్మకం లేదు, మస్కట్ నుంచి మగ టెక్నీషియన్నే తెచ్చుకోమంటారు.

వీర్రాజు వద్దనలేదు. అతను దేన్నీ వద్దనడు. మొదటివారం "చూద్దాం" అన్నాడు. రెండోవారం "రక్తాలూ ఉచ్చలూ చూసే ఉద్యోగమేంటే, నీకేం తక్కువ చేశాను?" అన్నాడు. మూడోవారం "రేపు వాళ్ళు అవతలి ఒడ్డున ఇబ్రాలో బ్రాంచి పెట్టి అక్కడికి పొమ్మంటే పోతావా?" అన్నాడు. ఎవరూ పెట్టని ఆ బ్రాంచి గురించి రెండు రోజులు ఇంట్లో చర్చ జరిగింది. శుక్రవారం ఫోనులో అత్తగారు, "వాడు సంపాదిస్తున్నాడు కదమ్మా, ముందు కడుపు పండే సంగతి చూసుకో" అంది. ఇల్లు నడిచేది ఆమె చేతుల మీద. కానీ ఆమె గురించిన మాటలన్నీ ఆమె మీదుగా, ఆమెకి తగలకుండా, ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి వెళ్తుంటాయి.

ఒంటిగంటకి ముగ్గురూ భోజనానికొచ్చారు. హాల్లో కింద ప్లాస్టిక్ షీటు పరిచి వడ్డించింది. వంజరం పులుసు. జిలాని మొదటి ముద్దకే కళ్ళు మూసుకున్నాడు.

"వదినా, ఈ పులుసు వాసనకి మా కంపెనీ ఓనరు అర్బాబ్ గూడా కోటు ఇప్పేసి మన రూములో బెడ్‌స్పేస్ అడుగుతాడు సూడు."

"వస్తే నీ మంచమే ఇస్తాలే" అన్నాడు వీర్రాజు. "ఒరేయ్, రేపు తెల్లారకుండానే ప్లాంటుకి పోండి. పరుపులు మా మంచం కిందకి తొయ్యండి. చెప్పులు కూడా కనపడకూడదు."

"చెల్లె, జర పులుసు పొయ్యి" అన్నాడు దేవయ్య. కరీంనగర్ మనిషి, నడుము నొప్పి, మాట తక్కువ. తర్వాత వీర్రాజు వైపు తిరిగి, "ఏం దాసుడో ఏమో అన్న. క్యాంపుల గూడ మన్సులే ఉంటరు" అన్నాడు.

"నువ్వుండవయ్యా. పోయి ఆ రేకుల్లో పడుకుంటే నీ నడుము ఉంటుందా?" వీర్రాజు సూర్యకుమారి వైపు చూశాడు. "పదింటికి జీపొస్తుంది. మా ప్లాంటు దాటగానే నీకు మిస్డ్ కాల్ ఇస్తాను. నువ్వు మేడ మీదుండు, కిందకి రాకు. వాడు గేటు దగ్గర ఆగి హారన్ కొట్టి పైకి చూస్తాడు. ఆడవాళ్ళ బట్టలుంటే గుమ్మం తొక్కరు, మర్యాదస్తులు. రాసుకుని పోతాడు."

"చీరలు లేకపోతే?"

"లేకపోతే తలుపు కొడతాడు. లోపలికొచ్చి గదులు చూస్తాడు."

జిలాని నవ్వాడు. "చీర ఉంటే ఇల్లు, ల్యాకుంటే క్యాంపు. అంతే గదా అన్నా?"

సూర్యకుమారి గరిటె గిన్నెలో పెట్టింది. "మరి నేను రాకముందు ఏం చేశారు?"

"అప్పుడూ మీరున్నట్టే వదినా" అని జిలాని ఇంకా ఏదో అనబోయి దేవయ్య మొహం చూసి ఆగాడు. వీర్రాజుకి మాత్రం దాచాలని కూడా తోచలేదు. ముల్లు తీసి కంచం అంచున పెడుతూ, "ఆ ఆకుపచ్చది లేదూ, నువ్వు పంపింది? అది వేలాడదీశాం. ఏడాది లాగించేశాం దాంతోటే" అన్నాడు. అతని గొంతులో ఒక హుషారుంది. తెలివిగా ఒక పని చక్కబెట్టిన మనిషి దాన్ని పెళ్ళానికి చెప్పుకునేటప్పుడు ఉండే హుషారు. "అందరూ చేసేదేలే."

ఒక్క క్షణం తడబడినా, చూపు తిప్పుకున్నా ఆమె దానికో అర్థం చెప్పుకునేది. ఆరేళ్ళుగా అతనికి బదులు అర్థాలు చెప్పుకోవడంలో ఆమె చెయ్యి తిరిగిపోయింది. ఈసారి చెప్పుకోవడానికి అతను ఏమీ మిగల్చలేదు.

"ఆ కాగితం..." అంది. "బుధవారంతో గడువైపోతుందండీ."

"ముందీ బలదియా గొడవ కానియ్యవే." అతను విసుక్కోలేదు, బుజ్జగించినట్టే అన్నాడు. "నీ కార్డు వాళ్ళ మీదకి పోతే నాకు ఫ్యామిలీ స్టేటస్ ఏదీ? ఇల్లు తీసుకుంటారు. నేనూ క్యాంపులో పడాలి. నువ్వుండబట్టేనే ఈ ఇల్లు!" అందరి ముందూ ఆ మాటన్నందుకు కొంచెం సిగ్గుపడి మజ్జిగ అడిగాడు.

ఈ మాట అతను ఇంతకుముందు కూడా అన్నాడు. జిలాని వాళ్ళ ముందు, ఫోనులో అత్తగారితో, ఒకసారి ఓనరుతో కూడా. అన్నప్పుడల్లా ఆమెకి లోపల దీపం పెట్టినట్టుండేది.

దేవయ్య అందరికన్నా చివర లేచాడు. తన కంచం తనే తెచ్చి సింకులో పెట్టాడు, ఎప్పుడూ లేనిది. పంపు తిప్పి చేతులు కడుక్కుంటూ, ఆమె వైపు చూడకుండా, "చెల్లె, ఆ ప్యాకిట్ల ఏమున్నదో నాకెరుక లేకుండె" అన్నాడు. "ఉత్తరమనుకున్న. విమానంల ఒళ్ళె వెట్టుకోని తెచ్చిన." పంపు కట్టి వెళ్ళిపోయాడు.

సాయంత్రం వరకూ ఆమె చెయ్యని పని లేదు. సందులోని కవరాల్స్ తిరగేసింది. బియ్యం ఏరింది. అద్దం ముందు నిలబడి జడ విప్పి, చిక్కు తీసి, దువ్వెనకి చిక్కిన పొడుగాటి వెంట్రుకని వేలికి చుట్టుకుని చూసింది. దాన్ని చూసి జుట్టు బాగుంటుందనుకున్న మనిషి ఈ దీవిలో ఒకరున్నారు. అది తిరుపతమ్మ.

మంగళవారం మగాళ్ళు చీకటితోనే వెళ్ళిపోయారు. మంచం కింద పరుపులు మడతలుగా తోసి ఉన్నాయి, ఒకటి కొంచెం బయటికి పొడుచుకొచ్చి. వెనక గదిలో మేకుకి జిలాని బెల్టు వేలాడుతోంది. దేవయ్య పరుపు కనిపించలేదు. వెతికితే అతని ట్రంకు పెట్టె కూడా లేదు. సూర్యకుమారి పొడుచుకొచ్చిన పరుపుని లోపలికి తోయబోయి, కాలు వెనక్కి తీసుకుంది.

ఫ్రిజ్ మీది కాగితం తెచ్చి టీపాయ్ మీద పెట్టింది. ఫ్యాను గాలికి ఎగరకుండా దాని మీద పెన్ను పెట్టింది. ఇల్లు పోతే, ఇల్లు పోతుందన్న కారణం కూడా పోతుంది. అప్పుడతను సంతకం పెట్టొచ్చు. లేకపోతే కోపంతో మొదటి ఫెర్రీ ఎక్కించి కాకినాడ పంపెయ్యొచ్చు, ఆ హక్కు అతని చేతిలోనే ఉంది. రెంటిలో ఏది జరుగుతుందో ఆమె ఊహించడానికి ప్రయత్నించింది. ఆరేళ్ళు కాపరం చేసిన మనిషి ఏం చేస్తాడో తనకి తెలియదని మొదటిసారి ఒప్పుకుంది. వింతగా, ఆ ఒప్పుకోవడంలోనే కాళ్ళకింద కాస్త నేల తగిలినట్టుంది.

తొమ్మిదిన్నరకి చీరలు తడిపి మేడ మీదకి తీసుకెళ్ళింది. మూడు చీరలు. మామూలుగానే ఆరేసింది, చెప్పినట్టే. అంచులు లాగి, ఎనిమిదేసి క్లిప్పులు పెట్టి. గాలికి అవి ఉబ్బి ఒక్కసారిగా ఈశాన్యం వైపుకి లేచాయి. దూరం నుంచి చూస్తే ఎవరికైనా నిండుగా కనిపించే ఇల్లు. ఎవరో ఒకామె ఇక్కడ సుఖంగా ఉందనుకునే ఇల్లు. జెట్టీ దగ్గర ఫెర్రీ నోరు తెరుచుకుని బళ్ళని ఒక్కొక్కటే కక్కుతోంది. అటు చూస్తూ నిలబడింది.

నైటీ జేబులో ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయింది. మసీదు మలుపు దగ్గర తెల్ల జీపు కనిపించింది. గుంతల్లో నిదానంగా వస్తోంది.

సూర్యకుమారి దండెం దగ్గరికి వెళ్ళింది. మొదటి చీర క్లిప్పులు తీసి డబ్బాలో వేసింది. చీరని బకెట్లోకి కుక్కింది. రెండోది. గాలి దాన్ని చేతుల్లోంచి లాక్కోబోతే మోకాలితో గోడకి అదిమి పట్టుకుంది.

పక్క మేడ మీద తిరుపతమ్మ చీపురు ఆపింది. "అయ్యో, ఏందమ్మా తీసేస్తాండావు? అదో, బండి వచ్చె!"

"ఆరిపోయాయి తిరుపతమ్మా."

ఆకుపచ్చ చీర నుంచి నీళ్ళు ఆమె పాదాల మీద కారుతున్నాయి. క్లిప్పు తీసినకొద్దీ తడి బరువు భుజం మీదకి వచ్చి పడుతోంది, చల్లగా. ఐదు. ఆరు. కింద జీపు గేటు దగ్గర ఆగిన చప్పుడైంది. ఏడు.

హారన్ మోగింది. ఆమె ఆఖరి క్లిప్పు తీసింది.